పాలపూటకు ఒక కథ

చిత్తూరు

అమ్మణ్ణీ,

నీ మెసేజ్ చూశాను. "పాప పుట్టి నలభై రోజులైంది పెద్దమ్మా, ఒక్క పుస్తకమూ ముగించలేదు, రెండు పేజీలకే కళ్ళు మూతలు పడుతున్నాయి, మళ్ళీ చదువుతానంటావా?" అని అడిగావు. చదువుతావు. ముందు దిండు పక్కన పెట్టుకున్న ఆ 500 పేజీల నవలను బీరువాలో పెట్టేయ్. అది కంటపడినప్పుడల్లా అప్పులవాడు గుమ్మంలో నిలబడినట్టే ఉంటుంది.

నేనూ ఆ తప్పే చేశాను. మీ అన్న పుట్టిన కొత్తలో లైబ్రరీ నుంచి లావుపాటి నవల తెప్పించుకుని, వాడు పడుకున్నప్పుడల్లా చదవాలని పంతం పట్టాను. పసిబిడ్డలు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు. మధ్యలో దొరికే కాస్త నిద్రనూ పుస్తకానికి ఇచ్చేసరికి, పది రోజులకు లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. పైగా ఒకరోజు వాడు త్రేన్పుతో పాటు తాగిన పాలన్నీ ఆ పుస్తకం మీదే కక్కాడు. లైబ్రరీలో ధర కట్టించుకున్నారు. పుస్తకం నాదైంది కానీ, చివరి ముప్ఫై పేజీలు ఈరోజుకీ చదవలేదు.

దారి చూపింది మీ అవ్వ. ఆమెకు అక్షరమ్ముక్క రాదు. వారపత్రికల్లో సీరియల్ కాగితాలు చింపి దాచి, చివర్లో కుట్టించుకునే అలవాటు మా ఇంట్లో ఉండేది. ఆ కట్టలోంచి ఒక వారం కాగితాలు తీసి నా పక్కన పడేసి, "వాడు తాగేలోపల ఇది చదువుకో" అంది. సరిగ్గా సరిపోయింది! తర్వాత ఏమవుతుందోనని, వాడెప్పుడు ఆకలితో ఏడుస్తాడా అని నేనే ఎదురుచూసేదాన్ని.

నువ్వు కథల సంపుటి తీసుకో. మన జిల్లా వాళ్ళు రాసినవైతే మరీ మంచిది, మన మాట చెవిన పడినట్టుంటుంది. నాలుగైదు పేజీల కథలు ఏరి గుర్తు పెట్టుకో. పాప రొమ్ము సరిగా పట్టి, గుటక వేస్తున్న చప్పుడు వినబడేదాకా మాత్రం పుస్తకం ముట్టొద్దు. ఈ వయసులో దానికి బాగా కనబడేది 20, 30 సెంటీమీటర్ల దూరమే, అంటే నీ ముఖమే. కాసేపు చూడనీ. గుటక కుదిరాక, పక్కన దిండు మీద పుస్తకం తెరిచి, పేజీలు మూసుకుపోకుండా రెండు వైపులా బట్టల క్లిప్పులు పెట్టు. ఒక చెయ్యి చాలు. గట్టి అట్ట పుస్తకాలు వద్దు, జారితే బిడ్డ మీద పడతాయి.

రాత్రిపూట ఫోన్లో చదువుతానంటావేమో. చదవవు. రెండింటికి ఫోన్ పట్టుకుని ఎవరెవరి ఫోటోలో చూస్తావు, ఉన్న నిద్ర కాస్తా పోతుంది. రాత్రి నిద్రే ముఖ్యం. పాపను ఎత్తుకుని సోఫాలో కునికిపాట్లు పడటం చాలా ప్రమాదం. పాపను దాని సొంత పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి నువ్వూ పడుకో.

బాలింత చదివితే కళ్ళు పోతాయని మీ అత్తగారు అంటున్నారు కదా. మా అత్తా అనింది. డాక్టరమ్మను అడిగితే నవ్వింది. నువ్వు వాదన పెట్టుకోకు. సాయంత్రం పాపను ఒళ్ళో వేసుకుని కథ పైకి చదువు. పాపకు అర్థం కాకపోయినా నీ గొంతు చాలు. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటుంది. మూడోరోజుకు "నిన్నటిది ఏమైంది?" అని ఆవిడే అడుగుతుంది.

ఆదివారం పూట గంటసేపు పాపను మీ ఆయన చూసుకోవాలి. అడగడానికి మొహమాటం దేనికి?

ఒక్కమాట. చదవడానికి టైం లేకపోవడం వేరు, దేనిమీదా మనసు పోకపోవడం వేరు. రెండు వారాలకు మించి ఊరికే ఏడుపు, దిగులు ఉంటే దాచొద్దు, డాక్టరుకు చెప్పు. నాకూ చెప్పు, రాత్రయినా సరే.

శనివారం పొద్దున బస్సుకు తిరుపతి వస్తున్నాను. వెల్లుల్లి కారం, ఆ సీరియల్ కట్ట తెస్తాను. మధ్యలో ఒక వారం కాగితాలు లేవు, అప్పట్లో పక్కింటామె తీసుకుపోయి ఇవ్వలేదు. ఆ వారం ఏం జరిగిందో నేను నోటితో చెప్తాలే.

మీ పెద్దమ్మ