8కె టీవీకి అంత డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: మా పాత టీవీ పోయింది. ఈసారి 65 అంగుళాలది తీసుకుందామని షాపుకి వెళ్తే 4కె, 8కె, ఓఎల్ఈడీ, మినీ ఎల్ఈడీ అంటూ ఒక్కో మాటకీ ధర పెంచుకుంటూ పోయారు. ‘ఎలాగూ కొంటున్నాం, ఏళ్ల తరబడి చూడాలి, అన్నిటికంటే పైదే తెచ్చుకుందాం’ అంటారు మావారు. పెట్టిన డబ్బుకి తగ్గ తేడా కంటికి కనిపిస్తుందా అని నా అనుమానం. సోఫాకీ టీవీకీ మధ్య రెండున్నర మీటర్ల దూరం ఉంటుంది. మేం రాత్రిళ్లు లైట్లు ఆర్పేసి సినిమాలు చూస్తాం. అబ్బాయి గేములు ఆడతాడు.
— ఒక పాఠకురాలు

జవాబు: ఏళ్లుగా టీవీలు విప్పి బిగించడమే నా పనమ్మా. ఏది కొనమంటారని అడిగేవాళ్లు చాలామంది, ఎంత దూరంలో కూర్చుంటారో చెప్పి అడిగేవాళ్లు తక్కువ. మీరు ఆ కొలత రాశారు కాబట్టి తడుముకోకుండా చెప్పగలను. 8కె మీకు అక్కర్లేదు.

లెక్క చూడండి. 4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160 పిక్సెళ్లు, అంటే బొమ్మని కూర్చే చుక్కలు. మొత్తం సుమారు 83 లక్షలు. 8కెలో అడ్డంగా 7680, నిలువుగా 4320. అంటే మూడు కోట్ల ముప్ఫై లక్షల పైచిలుకు, సరిగ్గా నాలుగింతలు. అయితే కంటికి ఒక హద్దుంది. చూపు సరిగ్గా ఉన్న మనిషి, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు చుక్కల్ని విడివిడిగా పట్టుకోగలడు. అంతకంటే దగ్గరగా ఉంటే అవి కలిసిపోతాయి. మూల నుంచి మూలకి 65 అంగుళాలుండే తెర వెడల్పు 144 సెంటీమీటర్లు. 4కె అయితే ఒక్కో పిక్సెల్ 0.37 మిల్లీమీటర్లు. వాటిని విడిగా చూడాలంటే మీరు 1.3 మీటర్ల దగ్గరకి జరగాలి. 8కె పిక్సెళ్లు విడిగా కనబడాలంటే 65 సెంటీమీటర్లే, చెయ్యి చాపితే తెర తగిలేంత దూరం. మీ సోఫా మీద నుంచి చూస్తే, 4కెలో నాలుగో వంతు పిక్సెళ్లుండే పాత ఫుల్ హెచ్‌డీ తెరలోవే కలిసిపోవడం మొదలవుతుంది. కొందరి చూపు ఇంకాస్త చురుగ్గా ఉంటుంది, వాళ్లకి ఈ దూరాలు కొంచెం పెరుగుతాయి. అయినా రెండున్నర మీటర్ల నుంచి 8కె తేడా పట్టడం జరగని పని.

పైగా అందులో చూడ్డానికేముంది? జపాన్‌లో ఎన్‌హెచ్‌కే అనే ప్రసార సంస్థ 2018 డిసెంబరు 1న 8కె చానెల్ మొదలుపెట్టింది. మనం చూసే ఓటీటీ సినిమాలు మాత్రం 4కె దగ్గరే ఆగాయి. సినిమా డిస్కులూ అంతే. ఉన్న బొమ్మనే టీవీ లోపలి చిప్ సాగదీసి చూపిస్తుంది, అంతకు మించి ఏమీ లేదు.

ఇక ఓఎల్ఈడీ. ధర ఎక్కువైనా దీని విషయంలో నేను మీవారి పక్షమే! రాత్రి, చీకట్లో, సినిమాలు అన్నారు కదా, అది సరిగ్గా దీని కోసమే పుట్టిన అలవాటు. మామూలు ఎల్ఈడీ టీవీ విప్పితే ముందు గాజు ప్యానెల్ వస్తుంది, దాని వెనక తెల్లటి పల్చని షీట్లు, వాటి వెనక వరసగా ఎల్ఈడీ పట్టీలు. ఒక్కో బల్బు మీద గుండీ అంత ప్లాస్టిక్ లెన్స్ అతికించి ఉంటుంది. ఆ జిగురు వేడికి వదిలి లెన్స్ రాలిపోతే తెర మీద తెల్లటి మచ్చ పడుతుంది. రిపేరుకి వచ్చే టీవీల్లో ఇది తరచూ చూస్తుంటాను. సంగతేమిటంటే, నల్లగా చూపించాల్సిన చోట కూడా ఆ వెలుగు వెనక వెలుగుతూనే ఉంటుంది, ప్యానెల్ దాన్ని అడ్డుకోవడానికి ప్రయత్నిస్తుందంతే. పూర్తిగా ఆపలేదు. అందుకే చీకటి గదిలో నలుపు బూడిదరంగుగా కనిపిస్తుంది. సినిమా చివర పేర్లు పడేటప్పుడు చూడండి, తెల్లటి అక్షరాల చుట్టూ పొగలాంటి వెలుగు కమ్ముకుని ఉంటుంది. ఓఎల్ఈడీలో వెనక దీపమే లేదు. ఒక్కో పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, అక్కర్లేనప్పుడు ఆరిపోతుంది. ఈ తేడాకి కొలతలూ లెక్కలూ అక్కర్లేదు, పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది.

మినీ ఎల్ఈడీలో వెనక వెలుగుని వందల, వేల భాగాలు చేసి ఎక్కడికక్కడ తగ్గిస్తారు. మీరు పగటిపూట, కిటికీలు తెరిచి చూసేవాళ్లయితే దాన్నే తీసుకోమనేవాణ్ని, వెలుగు ఎక్కువ కాబట్టి. రోజంతా ఒకే వార్తా చానెల్ నడిచే ఇల్లయినా అంతే. ఓఎల్ఈడీ తెర మీద కదలని లోగో, కింద పట్టీ గంటల తరబడి ఒకేచోట ఉంటే కొన్నాళ్లకి వాటి మరక నిలిచిపోయే ప్రమాదం ఉంది.

అబ్బాయి కోసం ఒక్కటి చూసుకోండి. కొత్త గేమ్ కన్సోళ్లు 4కెలో సెకనుకి 120 ఫ్రేములు, అంటే బొమ్మలు, పంపగలవు, దానికి టీవీకి హెచ్‌డీఎంఐ 2.1 రకం కేబుల్ సాకెట్ కావాలి. చాలా టీవీల్లో వెనక నాలుగు సాకెట్లుంటే రెండే ఆ రకానివి, ఆ రెండింటిలో ఒకటి సౌండ్‌బార్ పెట్టుకోవాల్సినదై ఉంటుంది. ఆ సాకెట్ల పక్కన ఏం రాసి ఉందో మీరే వంగి చదవండి.

పెట్టె మీద హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని మరింత బాగా చూపే పద్ధతి) ముద్ర చూసి డబ్బు ఎక్కువ ఇవ్వకండి. ఆ సిగ్నల్ అందుకోవడం వేరు, దాన్ని చూపించేంత వెలుగు తెరకి ఉండటం వేరు.

కొత్త రకం వచ్చిన ఏడాదే కొనడం నాకు నచ్చదు. 2010లో త్రీడీ టీవీలు ఎంత హడావుడిగా వచ్చాయో గుర్తుందా? 2017 నాటికి సోనీ, ఎల్‌జీ కూడా వాటిని ఆపేశాయి. ఆ కళ్లద్దాలు ఎన్నో ఇళ్లలో సొరుగుల్లో పడున్నాయి. నిలిచిన ఓఎల్ఈడీకి కూడా టైము పట్టింది. 2007లో సోనీ తెచ్చిన మొదటి టీవీ 11 అంగుళాలే, 55 అంగుళాలవి మార్కెట్లోకి వచ్చింది 2013లో. మీరు నిరుటి మోడల్ 4కె ఓఎల్ఈడీ అడగండి. 8కెకి పెట్టబోయిన దాంట్లో మిగిలింది సౌండుకి పెట్టండి. టీవీలు పల్చబడే కొద్దీ స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగిపోయాయి, మాటలు అర్థంకాక వాల్యూమ్ పెంచుతూ పోవడం అందుకే.

ప్రశ్న: డాల్బీ అట్మాస్ సౌండ్‌బార్ తీసుకోవాలనుకుంటున్నాను. మాది ఏటవాలు కప్పు. పనిచేస్తుందా?

జవాబు: అట్మాస్ అంటే శబ్దం తల పైనుంచి కూడా వస్తున్నట్టు వినిపించే పద్ధతి. అందుకోసం సౌండ్‌బార్‌లో పైకి తిరిగి ఉండే స్పీకర్లు శబ్దాన్ని కప్పుకి కొట్టి మీ మీదికి వెనక్కి తెస్తాయి. కప్పు చదునుగా, గట్టిగా, మరీ ఎత్తు లేకుండా ఉంటేనే అది కుదురుతుంది. మీ ఇంట్లో ఆ శబ్దం ఇంకెటో పోతుంది. ఆ డబ్బుతో మాటలకి విడిగా మధ్య స్పీకరూ, బరువైన శబ్దాలకి ఒక మంచి సబ్‌వూఫరూ ఉన్న మామూలు సెట్ తీసుకోండి.

ప్రశ్న: మా 4కె టీవీ కొని ఐదేళ్లయింది. బాగానే ఉంది కానీ యాప్‌లు నెమ్మదించాయి, సినిమాలు కూడా సీరియల్‌లా జారుతున్నట్టు కనిపిస్తాయి. మార్చేయమంటారా?

జవాబు: వద్దు. యాప్‌లకి టీవీ వెనక సాకెట్‌లో పెట్టే ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలిస్తే చాలు, యాప్‌లు దాంట్లోనే నడుస్తాయి. ఆ జారుడంటారా, సినిమా తీసేది సెకనుకి 24 ఫ్రేములు, మధ్యలో టీవీ తన సొంత ఫ్రేములు చేర్చేస్తోంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో మోషన్ పేరుతో ఉన్నది ఆపేయండి. తర్వాత పిక్చర్ మోడ్ ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కి మార్చండి. మొదట తెర పసుపుగా, డల్లుగా ఉందనిపిస్తుంది. రెండుమూడు సినిమాలు చూశాక మళ్లీ వివిడ్ పెట్టి చూడండి, మనుషుల మొహాలు ఎలా ఉన్నాయో నాకు రాయండి.