బీరువా ఖాళీ చేసే ముందు అందులో ఎవరివి ఉన్నాయో చూడండి

భార్య పోయి ఎనిమిది నెలలైందని, ఆమె వస్తువులు తీసేయమని ఇంట్లో అందరూ ఒత్తిడి చేస్తున్నారని, ఎప్పుడు తీయాలో తెలియట్లేదని అడిగారు. నాకూ ఇదే జరిగింది కాబట్టి చెప్తున్నాను. ఏడాది లోపు బీరువా ముట్టుకోకండి. ఎవరేమన్నా సరే.

మా ఆవిడ 2022 జూలై మొదటి వారంలో పోయింది. వారాసిగూడలో మా ఇంటి ముందు గదిలో ఇరవై రెండేళ్ళు మెషీన్ కుట్టింది. జాకెట్లు, లంగాలు, ఫాల్, పికో అన్నీ చేసేది. మా గల్లీలో సగం మందికి ఆమె పేరు తెలియదు, టైలరక్క అంటే చాలు. నేను పొద్దున ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్తే రాత్రికి వచ్చేవాణ్ణి. పగలు ఆ గదిలో ఏం జరిగేదో నాకు పెద్దగా తెలియదు.

పన్నెండో రోజు అయిన మర్నాడే మా చెల్లెలు, మా వదిన బీరువా ముందు కూర్చున్నారు. "పోయినోళ్ళ బట్టలు ఇంట్ల ఉంచొద్దన్నా" అంది చెల్లెలు. నా మంచి కోరే అన్నారు, వాళ్ళ మీద కోపం లేదు. కానీ ఆ రోజుల్లో మనిషి మనసు మనసులో ఉండదు, ఏది అడిగినా సరే అంటాడు. నేనూ అన్నాను. నాలుగు పట్టుచీరలు పోయాయి. పాత పట్టుచీరలు కొంటామని మైకులో చెప్పుకుంటూ ఆటోల్లో తిరుగుతారు కదా, వాళ్ళకి ఇచ్చేశారు. వాళ్ళకి కావలసింది చీర కాదు, జరీ. అసలైన జరీలో పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూస్తారు. చీరని కాల్చి ఆ వెండి తీసుకుంటారు. వాటిలో మా పెళ్ళిచీర కూడా ఉందని నాకు నెల తర్వాత తెలిసింది. ఆ బాధ మీకొద్దు.

జూలై ఆఖర్లో ఒకామె గేటు దగ్గరే నిలబడి లోపలికి రాలేక, "అంకుల్, ఏమనుకోవద్దు. అక్క దగ్గర నా జాకెట్ ముక్క ఉండె. వచ్చే నెల మా తమ్ముని పెండ్లి. అడగనీకి నోరొస్తలేదు" అంది. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. మెషీన్ పక్కనున్న ట్రంకు పెట్టె తెరిస్తే పదిహేడు కవర్లు. ఒక్కో దాంట్లో జాకెట్టు ముక్క, లైనింగ్ గుడ్డ, కొన్నిట్లో ఆది జాకెట్టు. కవరుకి గుండుసూదితో చీటీ. పేర్లు రాసే అలవాటు ఆమెకు లేదు. "పాలామె కోడలు", "మూడో అంతస్తు టీచరు", "చేతులు పొడుగు, తొందర లేదు". రెండిటి మీద "బోనాలకి" అని ఉంది. అప్పటికి సికింద్రాబాద్ బోనాలు అయిపోయి పది రోజులు దాటింది.

ఒక ఆకుపచ్చ ముక్క సగం కత్తిరించి ఉంది. వెనక భాగం పూర్తయింది. ముందు భాగం మీద తెల్ల సుద్దతో మెడ, చంక, డాట్లు గీసి ఉన్నాయి. ఒక గీత తప్పుపోతే చేత్తో తుడిచి పక్కన మళ్ళీ గీసింది, ఆ తుడిచిన మరక కూడా అలాగే ఉంది. సుద్ద రాలిపోతుందేమోనని దాన్ని మడత పెట్టలేదు, పళ్ళెంలో పెట్టి రెండు చేతులతో మోసుకుని మూడో అంతస్తు టీచరుగారింటికి తీసుకెళ్ళాను. ఆమె ఇంకో టైలరు చేత అవే గీతల మీద కత్తిరించి కుట్టించుకుని, దసరాకి వేసుకొచ్చి చూపించింది.

కొలతల పుస్తకం ముందేసుకుని, గల్లీలో వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ కవర్లు ఇచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ప్రతి ఇంట్లో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఒకావిడ 450 రూపాయల పాత బాకీ నా చేతిలో పెట్టి ఏడ్చింది. పాలామె కోడలు రోజూ మధ్యాహ్నం మా ఆవిడ దగ్గర కటింగ్ నేర్చుకునేదని ఆ ఇంటికి వెళ్ళాకే తెలిసింది.

మధ్యలో ఒక మాట. మీ ఆవిడ ఫోన్ నంబరు సంగతి మాత్రం మర్చిపోకండి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే కంపెనీ ఆపేయొచ్చు, తర్వాత ఆ నంబరు ఇంకొకరికి పోతుంది. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తుంటే ముందు ఆ సంగతి చూసుకోండి. మా ఆవిడ ఖాతాకి నేనే నామినీని. అయినా వారసత్వ సర్టిఫికెట్ తెమ్మని ఒక బ్యాంకు నన్ను మూడు నెలలు తిప్పింది. నామినీ ఉంటే అది అడగొద్దని, కాగితాలన్నీ ఇచ్చాక 15 రోజుల్లో తేల్చాలని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది. ఆ మాట కాగితం మీద రాసిచ్చాకే పని కదిలింది. దుఃఖంలో ఉన్న మనిషిని కౌంటర్ల చుట్టూ తిప్పడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బట్టలు సంవత్సరీకం అయ్యాక తీశాను, నా చేతులతోనే. నూలు చీరలు మా ఇంట్లో పనిచేసే ఆమె తీసుకుంది. వాటిలో ఒకటి కట్టుకుని వచ్చిన రోజు గుండె కలుక్కుమంది, రెండో రోజు అలవాటైంది. మెషీన్ జుమ్మేరాత్ బజార్‌లో అమ్మేద్దామన్నాడు మా అబ్బాయి. నేను ఒప్పుకోలేదు, పాలామె కోడలికి ఇచ్చాను. కత్తెర కూడా ఇచ్చి, దాంతో కాగితం కోయొద్దని చెప్పాను. మా ఆవిడ అలా కోస్తే ఊరుకునేది కాదు. ఆ పిల్ల "తెలుసు అంకుల్, నన్ను రెండుసార్లు తిట్టింది" అంది.

కొలతల పుస్తకం నా దగ్గరే ఉంది, అది ఎవరికీ ఇవ్వను. కవర్లలో ఒకటి మాత్రం మిగిలిపోయింది. మెరూన్ ముక్క, సన్న జరీ అంచు, చీటీ మీద "శ్రావణ శుక్రవారం లోపు" అని ఉంది. 2022లో వారాసిగూడ టైలరక్కకి అది ఇచ్చినవాళ్ళు ఇది చదువుతుంటే రండి. కవరు అలాగే ఉంచాను.