ఒక్క రాణి కందిరీగతోనే ఐరోపా అంతా నిండిందా?

పసుపు కాళ్ల ఆసియా కందిరీగ ఐరోపాకు ఒక్క రాణితోనే చేరిందన్నది నిజమేనా, దాని డీఎన్‌ఏ పరీక్షల వల్ల తేనెటీగలు పెంచేవారికి ఒరిగేదేమిటి అని మీరు అడిగారు. నేను పనిచేసేది జన్యుశాస్త్ర ప్రయోగశాలలో. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం దగ్గర ఏడేళ్లుగా నాలుగు తేనెటీగల పెట్టెలు కూడా చూసుకుంటున్నాను.

సెప్టెంబరు వచ్చిందంటే కందిరీగ పెట్టె ముందు గాలిలో కదలకుండా నిలబడి, పుప్పొడితో తిరిగివచ్చే తేనెటీగను ఒడిసిపట్టి, దగ్గరి కొమ్మకు కాలితో వేలాడుతూ తల, రెక్కలు కొరికి పారేసి, కండ ఉన్న నడిమి భాగాన్ని మాత్రం గూటిలోని పిల్లలకు మోసుకుపోతుంది. దొరికినవాటిని నేను ఆల్కహాల్ సీసాలో వేసి ఉంచుతాను. పరీక్షకు ఒక్క కాలు చాలు.

ఒక్క రాణి అన్నది చాలావరకు నిజమే. ఫ్రాన్స్‌లో ఈ కందిరీగను మొదట 2004లో నైరుతి ప్రాంతమైన లో-ఎ-గరోన్‌లో గుర్తించారు. చైనా నుంచి వచ్చిన మట్టిపాత్రల సరుకులో దాగి వచ్చి ఉంటుందని భావిస్తున్నారు. 2015 నాటి అధ్యయనం ప్రకారం దీని పుట్టిల్లు తూర్పు చైనాలోని జెజియాంగ్, జియాంగ్సు ప్రాంతం. వచ్చినది పలు మగవాటితో జతకట్టిన ఒకే రాణి కావచ్చు. "పలు" అన్న మాటను వదిలేస్తే అసలు సంగతి అర్థం కాదు. శరత్కాలంలో జతకట్టిన రాణి ఆ మగవాటి వీర్యాన్ని చలికాలమంతా కడుపులో దాచుకుంటుంది, అంటే వచ్చినది ఒక్క పురుగే అయినా కొన్ని వంశాల జన్యువులను వెంట తెచ్చింది.

అయినా మేనరికాలకన్నా దగ్గరి సంబంధాలు తప్పలేదు. కందిరీగల్లో ఫలదీకరణ చెందిన గుడ్డు ఆడదవ్వాలి. దగ్గరి బంధువులు జతకట్టడం వల్ల లింగాన్ని నిర్ణయించే జన్యువు ప్రతులు రెండూ ఒకేలా ఉంటే మాత్రం మగదవుతుంది. గూటి పనులు చేసే ఆడ కూలీలు పుట్టవలసిన చోట పనిచేయని మగవి పుడితే గూటికి నష్టమే, అలాంటివి ఫ్రాన్స్‌లో దొరికాయి కూడా. వ్యాప్తి మాత్రం ఆగలేదు. జన్యు వైవిధ్యం తక్కువ కనుక దానంతటదే క్షీణిస్తుందని ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి.

ఇక ఉపయోగం మాట. ఇంగ్లాండులో తూర్పు ససెక్స్‌లోని ఫోర్ ఓక్స్‌లో 2024 వసంతంలో రాణులు పట్టుబడ్డాయి. అవి సముద్రం దాటి కొత్తగా వచ్చినవా, అక్కడే చలికాలం గడిపినవా అన్నది చూపుతో తేలదు. డీఎన్‌ఏ పరీక్షలో అవి పక్కనే ఉన్న రై అనే పట్టణంలో 2023 నవంబరులో నాశనం చేసిన గూటి సంతానమని తేలింది. కొత్తగా వచ్చినవైతే రేవుల దగ్గర కాపు కాయాలి. అక్కడే పుట్టినవైతే పాత గూటి చుట్టుపక్కల వసంతారంభంలోనే వెతకాలి.