పది అడుగుల అట్టబొమ్మ పిల్లలతో చేయించాలంటే

మీరు అడిగింది ఇదీ: జనవరిలో జిల్లా యువజనోత్సవానికి ఇంటర్, డిగ్రీ పిల్లలతో పది అడుగుల అట్టబొమ్మ చేయించి మైదానంలో గేటు దగ్గర నిలబెట్టాలి. నెల రోజులే టైముంది, డబ్బు తక్కువ. అసలు అట్ట నిలబడుతుందా, ఎక్కడ మొదలుపెట్టాలి? నేను డ్రాయింగ్ మాస్టారిని. జనవరి 12న వివేకానంద జయంతిని జాతీయ యువజన దినోత్సవంగా జరుపుతారు కదా, ఆ సందర్భంలో జరిగే ఉత్సవాలకి మా పిల్లలు ఇలాంటి బొమ్మలు చేశారు. ఆ అనుభవంతో చెప్తున్నాను.

అట్ట నిలబడుతుంది. 2001 భుజ్ భూకంపం తర్వాత జపాన్ ఆర్కిటెక్టు షిగేరు బాన్ అట్ట గొట్టాలనే గోడలుగా నిలబెట్టి అక్కడ ఇళ్ళు కట్టించాడు. కూలిన ఇళ్ళ శిథిలాలే వాటికి పునాది. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపానికి పాత చర్చి దెబ్బతింటే, 2013లో అట్ట గొట్టాలతో కట్టిన చర్చి తెరిచారు. అదీ ఆయన డిజైనే. మీ ప్రిన్సిపాల్ గారు సందేహపడితే ఈ రెండింటి ఫొటోలు చూపించండి.

పిల్లలకి మాత్రం ఫొటోలు చాలవు, చేతికి తెలియాలి. అట్టపెట్టె అంచుని చించి చూస్తే రెండు చదును కాగితాల మధ్య అలలు అలలుగా మడిచిన కాగితం ఉంటుంది. అది త్రీ ప్లై. ఫైవ్ ప్లైలో మూడు చదును కాగితాలు, రెండు అలల వరసలు. ఆ అలల గీతలు నిలువుగా ఉంటే అట్ట బరువు మోస్తుంది, అడ్డంగా ఉంటే నలిగి కూర్చుంటుంది. షాపులో చాలా పెట్టెలకి గీతలు నిలువునే ఉండేది అందుకే. ఒకే సైజు ముక్కలు రెండు కోసి, గొట్టాల్లా చుట్టి, ఒకదానిలో గీతలు నిలువుగా, ఇంకోదానిలో అడ్డంగా ఉంచి పైన పుస్తకాలు పేర్చమనండి. ఒక్క పూటలో అందరికీ అర్థమైపోతుంది. ఆ తర్వాత ఏ ముక్క కోసినా ముందు గీత ఎటుందో వాళ్ళే చూసుకుంటారు.

ఇక ఏ బొమ్మ? పిల్లలు ముందుగా అడిగేది నిలబడిన మనిషి, రెక్కలు విప్పిన గద్ద, లేదా గుర్రం. సన్నటి కాళ్ళ మీద పెద్ద ఒళ్ళు మొదటిసారికి వద్దు. మా వాళ్ళకి బాగా కుదిరింది లేపక్షి నంది. ఒకే రాతిలో చెక్కిన ఆ బసవన్న కాళ్ళు మడిచి కూర్చున్నాడు, కింది భాగం వెడల్పుగా, మెడ ఎత్తుగా ఉంటాయి. పదహారో శతాబ్దపు శిల్పులు ఆ ఒంటి మీద గంటల పట్టెడలు, గొలుసులు చెక్కి పెట్టారు కాబట్టి అందరికీ చేతినిండా పని దొరుకుతుంది. బొమ్మలు గీయడం రానివాళ్ళు కూడా గంటలు చేసి అతికించగలరు. మీ జిల్లాకి సొంతమైన రూపం ఏదైనా ఉంటే అదే తీసుకోండి. చూడ్డానికొచ్చిన ముసలివాళ్ళు దగ్గరికొచ్చి తాకి చూసేది దాన్నే.

మొదటి వారం పెద్ద అట్ట ముట్టుకోనివ్వకండి. ఒక అడుగు నమూనా చేయించండి, అంటే పదో వంతు సైజు. నమూనా నిలబడకపోతే అసలుదీ నిలబడదు. దాన్ని గళ్ళ కాగితం మీద ముందు నుంచి, పక్క నుంచి గీయించి, అదే గళ్ళని పెద్దవి చేసుకుంటూ నేల మీద పరిచిన అట్ట మీదకి ఎక్కించాలి. ఒకప్పుడు సినిమా కటౌట్లు వేసినవాళ్ళు పెంచింది ఇలా గళ్ళు గీసే. మీ ఊళ్ళో పాత బోర్డు ఆర్టిస్టు ఎవరైనా ఉంటే ఒక రోజు పిలిపించండి. ప్రొజెక్టర్ కన్నా ఆయన చేతి పని చూసి పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారు.

లోపలి ఎముకల గూడు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా బొమ్మలు వంగిపోయేది ఇక్కడే. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి పైన అట్ట చుట్టేస్తే మూడో రోజుకి నడుం దిగుతుంది. దాని బదులు, గీతలు నిలువుగా ఉండేలా అట్టలు కోసి, కొన్ని బొమ్మ పొడవునా, కొన్ని వాటికి అడ్డంగా నిలబడేలా, ఒక్కోదానికి సగం లోతు గాడి పెట్టి ఒకదానిలో ఒకటి దించాలి. గాడి వెడల్పు సరిగ్గా అట్ట మందమే ఉండాలి. వదులైతే ఊగుతుంది, బిగుతైతే గీతలు నలిగి అక్కడే బలం పోతుంది. మా దగ్గర ఈ గాడి కొలత మిగతా పిల్లలకి నేర్పింది వడ్రంగం పనిచేసే ఇంటి నుంచి వచ్చిన కుర్రాడు. క్లాసులో పెద్దగా మాట్లాడడు, ఆ నెల రోజులూ అందరూ వాడి మాటే విన్నారు. అట్టల మధ్య అడుగు దూరం చాలు. బరువు దిగే చోట, అంటే మెడ కింద, ఛాతీ లోపల, అట్ట గొట్టాలు నిలబెట్టండి. బట్టల షాపుల్లో తాన్లు చుట్టుకొచ్చే గొట్టాలు, ఫ్లెక్సీ ప్రింటింగ్ వాళ్ళ దగ్గర మిగిలే గొట్టాలు అడిగితే ఊరికే ఇస్తారు.

అట్ట కోసం ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే షాపులకి పండగ సీజన్‌లోనే చెప్పి ఉంచితే మంచిది. ఇప్పుడైతే పాత సామాన్ల కొట్టులో కిలోల లెక్కన కొనుక్కోవచ్చు. తడిసి ఆరిన అట్ట మాత్రం వద్దు, పైకి బాగానే కనిపిస్తుంది, లోపల అల చచ్చిపోయి ఉంటుంది. వీపు, మూపురం లాంటి వంపులకి ప్యాకింగ్ సామాను అమ్మేచోట దొరికే టూ ప్లై రోల్ కొనండి. ఒకవైపు అల తెరిచి ఉంటుంది కాబట్టి గీతల వెంట తేలిగ్గా చుట్టుకుంటుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి, ఎత్తు రెట్టింపు చేస్తే పై తొడుగుకే నాలుగు రెట్లు అట్ట పడుతుంది. పది అడుగులని పన్నెండు చేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే ముందు ఆ లెక్క వేయించండి.

అతికించడానికి ఎముకలకి ఫెవికాల్, పై తొడుగుకి గ్లూ గన్. టేపు ఎంత తక్కువ వాడితే అంత మంచిది, ఎండకి జిగురు వదిలేస్తుంది, పైగా చూడ్డానికీ బాగోదు. మైదా ఉడికించిన జిగురు చవకే గానీ, ఆరకుండానే ఇంకో పొర వేస్తే బూజు పడుతుంది, ఎలుకలూ చేరతాయి. కట్టర్లు పట్టుకునేవాళ్ళని విడిగా ఎంచుకోండి. స్టీలు స్కేలు పెట్టి, ఒకే కోతలో తెగాలని బలవంతపెట్టకుండా రెండు మూడు సార్లుగా కోయాలి. మొద్దుబారిన బ్లేడే చెయ్యి కోస్తుంది, పొదుపు చేయకుండా మార్చండి.

జనవరిలో మైదానం అన్నారు కదా, నాకు ఎక్కువ భయం మంచు గురించి. అట్ట పొరల్ని అతికేది పిండి జిగురు, అది తేమకి మెత్తబడుతుంది. రాత్రంతా ఆరుబయట ఉంచితే తెల్లారేసరికి అడుగు భాగం మెత్తగా ఉంటుంది. నేల మీద నేరుగా పెట్టకండి. కింద చెక్క పలకలు, వాటి మీద ప్లాస్టిక్ షీటు, ఆ పైన బొమ్మ. రాత్రి టార్పాలిన్ కప్పాలి గానీ ఒంటికి తగలకుండా కర్రల మీద, లేకపోతే లోపలే చెమ్మ పడుతుంది. గాలికి పడకుండా లోపలి గూట్లో అడుగున ఇసుక మూటలు పెట్టండి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ కూడా ఇరవై కిలోల బరువే, మూత గట్టిగా ఉంటే అదీ పనికొస్తుంది. జ్యోతి ప్రజ్వలన చేసే చోటికి, హాలోజన్ లైట్లకి బొమ్మని దూరంగా పెట్టమని నిర్వాహకులతో ముందే తేల్చుకోండి. ఇందులో మొహమాటపడొద్దు. పక్కన మంటలార్పే సిలిండర్ ఒకటి ఉండి తీరాలి.

రంగు విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. అట్టని అట్టలాగే కనపడనివ్వండి. ఆ గోధుమ రంగు మీద గొలుసులకి, కళ్ళకి నలుపు, సున్నం తెలుపు పడితే నంది ఎంత అందంగా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఎనామెల్ పూసి, మెరుపు కాగితం అంటిస్తే థర్మాకోల్ సెట్టింగులా మారిపోతుంది, రేపు పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. పిల్లలు పెట్టిన గాడులు, కోతలు ఒకటి రెండు చోట్ల బయటికి కనపడినా మంచిదే. చూసే చిన్నపిల్లలు "ఇది మేమూ చెయ్యొచ్చు" అనుకునేది వాటిని చూసే.

నమూనా దగ్గర కూర్చుని మనమే సరిచేసేయాలనిపిస్తుంది, అప్పుడు లేచి బయటికి వెళ్ళండి. తల కొంచెం వంకరగా వచ్చినా సరే, అది వాళ్ళ తల. ఉత్సవంలో జనం అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పేదీ వాళ్ళే ఉండాలి. పక్కన నిలబడి ఎవరు ఏ భాగం చేశారో చెప్పేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి మీరు.

ఇక బొమ్మ మొత్తం ఒకే ముక్కగా కట్టొద్దు. తల, ఒళ్ళు, పీఠం విడివిడిగా చేసి అక్కడికెళ్ళాక గాడిలో దించి కట్టాలి. మీరు పని చేయించే గది తలుపు వెడల్పు, తీసుకెళ్ళే ట్రాలీ పొడవు ఎంతో కొలిచి ఇక్కడ రాయండి, ఏ బొమ్మ అనుకుంటున్నారో కూడా చెప్పండి. ఎక్కడ విడదీస్తే అతుకు కనపడదో గీసి పెడతాను.