నెదర్లాండ్స్‌లో కార్ల భయం లేని సైకిల్ దారి: పటం కన్నా ముందు గాలిని చూడండి

మే నెలలో పది రోజులు నెదర్లాండ్స్ వెళ్తున్నామనీ, నాన్నగారికి అరవై రెండేళ్లు, పాపకు పదకొండేళ్లనీ, పాప తప్ప మిగతా ఇద్దరూ సైకిల్ తొక్కి చాలా ఏళ్లయిందనీ రాశారు. కార్ల భయం లేకుండా కాలువలు, పచ్చికబయళ్ల మధ్య ఒక రోజంతా తొక్కడానికి దారి చెప్పమన్నారు.

తప్పకుండా తొక్కగలరు. ఉద్యోగరీత్యా నేను మూడేళ్లు రాటర్‌డామ్‌లో ఉన్నాను. రెండో ఏడు అమ్మ వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై ఒకటి. పెళ్లికి ముందు సైకిల్ తొక్కిన మనిషి, తరవాత హ్యాండిల్ పట్టుకోలేదు. ఆమెతో రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆమెను బాగా ఇబ్బంది పెట్టాను, రెండోసారి ఆమె సాయంత్రానికి కూడా దిగనంది. రెండు దారులూ ఒకేలాంటివి, సమతలమైనవి, అందమైనవి. తేడా అంతా గాలిలోనే ఉంది. అందుకే మీకు దారి కన్నా ముందు గాలి గురించి చెప్పాలి.

మొదటి ప్రయాణం ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన ఉన్న వాటర్‌లాండ్‌లో. సెంట్రల్ స్టేషన్ వెనక నుంచి నీటికి అవతలి ఒడ్డుకు ఫెర్రీ ఉంటుంది. టికెట్టు లేదు, సైకిలుతోనే ఎక్కవచ్చు, కొద్ది నిమిషాల్లో దింపుతుంది. అక్కడి నుంచి తూర్పుగా వెళ్తే నగరం ఎంత త్వరగా అయిపోతుందో నమ్మలేరు. డర్గర్‌డామ్‌లో కట్ట మీద నీటికి ఎదురుగా చెక్క ఇళ్లు ఒకే వరసలో నిలబడి ఉంటాయి. ఆ ఊరు దాటాక కుడివైపు విశాలమైన నీరు, ఎడమవైపు పచ్చిక. అమ్మ నాకన్నా ముందు వెళ్తోంది. పెడలు తొక్కుతున్నట్టే లేదు, సైకిలే తీసుకుపోతున్నట్టుంది. "అలవాటు పోలేదు సుమా" అంది. నేనూ నమ్మాను. అది అలవాటు కాదు, వెనుకగాలి. ఆ దేశంలో ఎక్కువ రోజులు గాలి నైరుతి నుంచి వీస్తుంది. మేము ఈశాన్యం వైపు వెళ్తున్నాము.

ఊయిట్‌డామ్ దాకా వెళ్లి, ఊళ్ల మీదుగా వెనక్కి తిరిగిన క్షణం నుంచి అంతా మారిపోయింది. నేల ఒక్క అంగుళం కూడా లేవలేదు, కానీ కొండ ఎక్కుతున్నట్టుంది. కొండకైతే పైకి చేరాక దిగడం ఉంటుంది. ఎదురుగాలికి ఆ దయ కూడా లేదు, ఇల్లు చేరేదాకా ఉంటుంది. రాన్స్‌డార్ప్‌లో, పైన శిఖరం లేకుండా మొండిగా నిలిచిపోయిన చర్చి గోపురం దగ్గర, అమ్మ సైకిల్ దిగి నడవడం మొదలుపెట్టింది. ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ నేలకు ఆ గాలి ఎందుకంటే, దాని పుట్టుకే అలాంటిది. ఒకప్పుడు అదంతా పీట్ నేల, అంటే కుళ్లీ కుళ్లని మొక్కలు పొరలు పొరలుగా పేరుకున్న బురదనేల. దాదాపు వెయ్యేళ్ల క్రితం నుంచి రైతులు పొడవాటి పిల్లకాలువలు తవ్వి నీరు తీసి సాగులోకి తెచ్చారు. నీరు పోయిన పీట్ కుంగింది. కుంగిన నేలలోకి మళ్లీ నీరు చేరింది. ఇక తోడక తప్పలేదు: మొదట గాలిమరలతో, తరవాత ఆవిరి యంత్రాలతో, ఇప్పుడు కరెంటు పంపులతో. తడి నేల కనుక ధాన్యం పండదు. గడ్డి పెరుగుతుంది, ఆవులు మేస్తాయి, పాలు జున్నవుతాయి. కొద్ది దూరానికల్లా ఒక కాలువ అడ్డం వచ్చే చోట పెద్ద రోడ్లు వేయడం కష్టం. అందుకే కార్లు తక్కువ. అందుకే చెట్లూ తక్కువ, గాలిని ఆపేదేదీ లేదు. మీరు కోరుకున్న ప్రశాంతతా, మిమ్మల్ని అలసిపోయేలా చేసే గాలీ, రెండూ ఆ నీటి నుంచే వచ్చాయి.

ఇక రెండోసారి నేను చేసిందే మీరూ చేయండి. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే తిరిగి వచ్చే చుట్టుదారి వద్దు. గాలి వచ్చే దిక్కున ఉన్న రైల్వే స్టేషన్‌లో మొదలుపెట్టి, గాలి పోయే దిక్కున ఉన్న స్టేషన్‌లో ఆగండి. సైకిళ్లతో సహా రైలెక్కి తిరిగి రండి. ఇందుకు నాకు తెలిసిన అతి చక్కని జత గౌడా, వూర్డెన్. జున్నుతో మనకు గౌడాగా పరిచయమైన ఊరిని అక్కడివాళ్లు హౌదా అంటారు. ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్, హేగ్, ఉట్రెక్ట్ నగరాలు నాలుగూ చుట్టూ ఉంటే, మధ్యలో మిగిలిన పచ్చని ప్రాంతాన్ని హ్రూనె హార్ట్, అంటే పచ్చని గుండె అంటారు. ఈ దారంతా అందులోనే. గౌడా నైరుతిలో, వూర్డెన్ ఈశాన్యంలో. ఔదెవాటర్ మీదుగా వెళ్తే మొత్తం దాదాపు 25 కిలోమీటర్లు. ఆగుతూ, తింటూ, ఆవులను చూస్తూ మాకు అయిదు గంటలు పట్టింది.

గౌడా దాటాక హాలండ్సె ఐసెల్ అనే చిన్న నది పక్కన కట్ట మీద దారి. చిన్న నది అంటే నిజంగా చిన్నదే, అవతలి ఒడ్డున ఉన్నవారిని పలకరించవచ్చు. ఇక్కడ ఒకసారి ఆగి రెండు వైపులా చూడండి. ఒక పక్క నీళ్లు, మరో పక్క పచ్చిక. పచ్చిక నీటి కన్నా కిందికి ఉంటుంది. పడవ ఆవుల కన్నా ఎత్తున పోతుంటే అమ్మ చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. పాపకు ఇది తప్పక చూపించండి, పుస్తకంలో చదివితే ఇంత బాగా ఎక్కదు. ఈ గౌడాకు దగ్గరలోనే దేశంలోకెల్లా లోతట్టు చోటు ఉంది, సముద్రమట్టానికి ఆరున్నర మీటర్ల కన్నా దిగువన.

హేకెన్‌డార్ప్ దగ్గర పాత లాకు వస్తుంది. 1787లో దేశంలో అంతర్గత కలహం నడుస్తుండగా, పాలకుడు అయిదో విలియం భార్య విల్హెల్మినా హేగ్ నగరానికి వెళ్తుంటే, వ్యతిరేకులు ఆపి ఇక్కడి ఒక రైతు ఇంట్లో ఉంచారు. ఆమె అన్న ప్రష్యా రాజు. ఆ అవమానం చాలు, ప్రష్యా సేన దండెత్తి వచ్చింది. అంత కథ జరిగిన చోట ఇప్పుడు బాతులు, లాకు తలుపులు, ఒక బల్ల. మేము ఆ బల్ల మీదే పులిహోర తిన్నాము. దగ్గరలోనే ఉత్తరంగా వెళ్లే వీరికె కాలువలు రెండు జంటగా కనిపిస్తాయి. 1672లో ఫ్రెంచి సేన వస్తున్నప్పుడు ఆ రెండింటి మధ్య నేలను కావాలనే ముంచి శత్రువును ఆపారు. నడవడానికి లోతు, పడవకు లోతు చాలదు, అదీ ఉపాయం.

ఔదెవాటర్‌లో భోజనానికి ఆగండి. ఒకప్పుడు తాళ్లు పేనిన ఊరు. మంత్రగత్తెలు గాలిలో ఎగిరేంత తేలిగ్గా ఉంటారని నమ్మిన రోజుల్లో, ఆ నింద పడినవాళ్లను తూచి, బరువు సరిగానే ఉందని పత్రం రాసిచ్చిన తూనికల ఇల్లు ఇక్కడే ఉంది. ఇప్పటికీ తూచి పత్రం ఇస్తారు, పాపకు నచ్చుతుంది.

ఔదెవాటర్ నుంచి లిన్‌షోటెన్ దాకా ఉన్న ఏడెనిమిది కిలోమీటర్ల కోసమే నేను ఈ జవాబు రాస్తున్నానని అనుకోండి. సన్నని వాగు, దాని రెండు ఒడ్డులా సన్నని దారులు, ప్రతి ఇంటికీ వాగు మీద ఒక సొంత వంతెన. వంపు తిరిగినప్పుడల్లా వాగు కూడా మీతోనే తిరుగుతుంది. ఇక్కడ చెట్లున్నాయి, కాబట్టి గాలి మళ్లినా ఇబ్బంది లేదు. మే నెల అంటే పచ్చిక పక్షుల కాలం. కీవిట్ అనే పక్షి మన తీతువు జాతిదే. గాలిలో పల్టీలు కొడుతూ అరుస్తుంది. పొడుగు ముక్కు, పొడుగు కాళ్ల గ్రుటో తన పేరు తానే పిలుచుకుంటూ తిరుగుతుంది. 2015లో దాన్నే జాతీయ పక్షిగా ఎన్నుకున్నారు. ఇవి గడ్డిలో నేల మీదే గుడ్లు పెడతాయి. ఫొటో కోసం పచ్చికలోకి దిగకండి. కొందరు రైతులు వీటి పిల్లల కోసం గడ్డి కోయడం జూన్ దాకా వాయిదా వేస్తారు. అంతటి ఓపిక ముందు మన ఫొటో ఎంత?

"కార్లు లేని" అన్నమాట గురించి నిజం చెప్పాలి. నీలి గుండ్రని పలకలో తెల్ల సైకిల్ బొమ్మ ఉంటే అది సైకిళ్ల దారి, కార్లు రావు. కానీ కట్టల మీద, వాగు ఒడ్డున కొంత దూరం ఊరివాళ్ల కార్లు కూడా తిరిగే సన్నని రోడ్లే. ఎర్ర తారు వేసి, కారు ఇక్కడ అతిథి మాత్రమే అని రాసిన వీధులూ ఉన్నాయి. అక్కడి డ్రైవర్లు నిజంగానే అతిథుల్లా వెనకే నిదానంగా వస్తారు. నన్ను కంగారు పెట్టినవి కార్లు కాదు. ఆదివారం ఉదయం గుంపులుగా వచ్చే రేసు సైకిళ్లు, మే నెలలో మొదటి గడ్డికోత వేళ తిరిగే ట్రాక్టర్లు. రెండింటికీ మందు ఒకటే: ఒకరి వెనక ఒకరు, కుడి అంచున. వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లండి. సోమవారం పల్లెల్లో చాలా కాఫీ దుకాణాలు మూసి ఉంటాయి.

పాప విషయంలో నా భయం ఒక్కటే, కాలువ అంచు. కంచె ఉండదు. కొన్ని కాలువల మీద చిట్టి చిట్టి ఆకుల పాచి ఒత్తుగా కప్పేసి, అచ్చం పచ్చికలాగే కనిపిస్తుంది. "పచ్చగా ఉన్నదంతా నేల కాదు" అని ముందే చెప్పి, ఒకచోట రాయి వేసి చూపించండి.

సైకిల్ అద్దెకు తీసుకునేటప్పుడు తొందర పడకండి. అక్కడి సైకిళ్లు ఎత్తు ఎక్కువ. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనేలా సీటు దించమనండి. చాలా సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మనకు ఊరికే పెడలు వెనక్కి తిప్పే అలవాటు ఉంటుంది కనుక, మొదటి పది నిమిషాల్లో పడేది అందుకే. అమ్మకు చేతి బ్రేకులు, మూడు గేర్లు, కాలు ఎత్తకుండా ఎక్కే కిందిచట్రం ఉన్న సైకిల్ అడిగి తీసుకున్నాను. నాన్నగారికి కూడా ఆ చట్రమే అడగండి, మొహమాటం వద్దు. బ్యాటరీ సైకిల్ ఇస్తామంటారు. గాలికి అది మంచిదే, కానీ ఏళ్ల తరవాత ఎక్కేవారికి నేను వద్దంటాను. బరువెక్కువ, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ముందు ఖాళీ చోట అరగంట తొక్కించి, ఆయన నవ్వుతూ దిగితేనే బయల్దేరండి.

దారి తెలుసుకోవడం చాలా తేలిక. ప్రతి కూడలికీ ఒక నంబరు ఉంటుంది, తరవాతి నంబరుకు బాణం గుర్తు ఉంటుంది. మీ దారిలోని నంబర్లు వరసగా కాగితం మీద రాసుకుని హ్యాండిల్‌కు కట్టుకోండి. ఈ పద్ధతి బెల్జియంలోని లింబర్గ్‌లో 1995లో మొదలై ఇక్కడికి వచ్చింది. గనుల్లో సొరంగాల కూడళ్లకు నంబర్లు వేసే అలవాటు నుంచి ఒక ఇంజినీరు తీసుకున్న ఆలోచన. తొక్కుతూ ఫోను చేతిలో పట్టుకోవడం 2019 జూలై నుంచి నేరం, జరిమానా పడుతుంది. రోడ్డు మీద తెల్ల త్రికోణాల మొనలు మీ వైపు చూస్తుంటే మీరే ఆగాలి. ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారిది ముందు హక్కు.

రైల్లో సైకిలుకు వేరే టికెట్టు కొనాలి. పనిదినాల్లో ఉదయం 6:30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6:30 దాకా ఎక్కనివ్వరు. ఇది లెక్కలో పెట్టుకోండి. ఉదయం తొమ్మిదిన్నరకు తొక్కడం మొదలుపెట్టి, మూడున్నరలోపు వూర్డెన్ స్టేషన్ చేరితే హడావుడి ఉండదు.

పాప గాలిమరలు చూడాలంటే రాటర్‌డామ్ నుంచి నీటి బస్సులో, సైకిళ్లతోనే, కిండర్‌డైక్ వెళ్లవచ్చు. 1740 ప్రాంతంలో కట్టినవే ఎక్కువగా, మొత్తం 19 గాలిమరలు ఒకేచోట ఉన్నాయి. మధ్యాహ్నం జనం మధ్య సైకిల్ నడిపించుకుంటూ పోవాల్సి వస్తుంది. పొద్దున్నే వెళ్లండి.

చివరిగా గాలి సంగతే. వసంతంలో కొన్ని రోజులు నైరుతికి బదులు ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు ఇదే దారిని వూర్డెన్‌లో మొదలుపెట్టి గౌడాలో ముగించండి. ముందురోజు రాత్రి వాతావరణ సూచనలో బాణం ఎటు చూపిస్తోందో చూసి, అప్పుడే రైలు టికెట్టు కొనండి. మేము బయల్దేరిన రోజు కూడా రాత్రే చూసుకున్నాము. లిన్‌షోటెన్ దాటాక, వూర్డెన్ ఇంకా మూడు కిలోమీటర్లు ఉందనగా, "ఇంకో ఊరు లేదా?" అని అడిగింది అమ్మ.