ఏడాదైనా మా అమెజాన్ చిలుక చేతికి రావడం లేదు, కొరుకుతోంది. మచ్చిక చేసుకునేదెలా?

మీరు ప్రశ్నలో "రోజూ అరగంట పంజరంలో చెయ్యి పెట్టి అలవాటు చేస్తున్నాను, అయినా కొరుకుతోంది" అని రాశారు. దయచేసి ఆ అరగంట ఈరోజే మానేయండి. మిగతాదంతా తర్వాత చదివినా ఫర్వాలేదు. నేనూ ఎనిమిది నెలలు అదే పని చేశాను, కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మేముండేది బెంగళూరు రామమూర్తి నగర్‌లో, మూడో అంతస్తు. కిట్టు మా ఇంటికి 2021 ఏప్రిల్‌లో వచ్చాడు. నీలి నుదురు అమెజాన్. ముక్కు పైన నీలం, మొహమంతా పసుపు, ఒళ్ళంతా ఆకుపచ్చ. అప్పటికే తొమ్మిదేళ్ళ పక్షి. అంతకుముందు పెంచినాయన ఉద్యోగం కోసం దేశం వదిలి వెళ్తూ, కాగితాలతో సహా మాకు అప్పగించారు. "చాలా ఫ్రెండ్లీ అండీ, ఎప్పుడూ భుజం మీదే ఉంటాడు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన భుజం మీద అలాగే ఉండేవాడు. మా ఇంటికొచ్చిన మూడో రోజే నా చూపుడు వేలు చీల్చేశాడు. రెండు కుట్లు పడ్డాయి.

అప్పుడు నేను చూడనిది, ఇప్పుడు రోజూ చూసేది వాడి కళ్ళు. పెద్ద అమెజాన్ కంట్లో నారింజ రంగు వలయం, దాని మధ్యలో నల్లపాప ఉంటాయి. ఉద్రేకం వస్తే ఆ పాప ఆవగింజంత అయిపోతుంది, వెంటనే మిరియమంత అవుతుంది, మళ్ళీ ఆవగింజ. దాంతోపాటు మెడ వెనక ఈకలు లేస్తాయి, తోక విసనకర్రలా విచ్చుకుంటుంది. ఇది కోపమే కానక్కర్లేదు. పాట పాడేటప్పుడు కూడా కిట్టు కళ్ళు ఇలాగే అవుతాయి. ఏదైనా సరే, ఆ సమయంలో చెయ్యి దగ్గరికి తీసుకెళ్ళకూడదు. ఫోన్లలో తిరిగే వీడియోలు చూస్తే నాకు బాధేస్తుంది. తోక విప్పి, మెడ ఈకలు లేపి నిలబడ్డ చిలుకను చూపిస్తూ "ఎంత ముద్దుగా డాన్స్ చేస్తోందో" అంటారు, పైగా చంటిపిల్లల చేతులు దాని ముందు పెడతారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ డిసెంబరులో అమ్మ మదనపల్లె నుంచి వచ్చింది. బెంగళూరులో అది అనపకాయల (చిక్కుడు జాతి కాయలు, సొరకాయ కాదు) కాలం, ఎక్కడ చూసినా బండ్ల మీద రాశులు. అమ్మ రోజూ నాలుగింటికి హాల్లో పీట వేసుకుని, చేట ముందు పెట్టుకుని అనపకాయలు ఒలిచేది. కిట్టు పంజరం ఆమెకు నాలుగడుగుల దూరంలో ఉండేది. గాలీ వెలుతురూ బాగుంటాయని పెద్ద అద్దాల కిటికీకి ఆనించి మేమే పెట్టాం. అమ్మ వాడి వైపు తల కూడా తిప్పేది కాదు. పేరు పెట్టి పిలవడం, ఈల వేయడం, చిటికెలు వేయడం ఏమీ లేవు. గింజలు తీస్తూ తనలో తాను ఏదో సణుక్కుంటూ ఉండేది.

మూడో రోజో నాలుగో రోజో, నేను ల్యాప్‌టాప్ మూసి కిట్టు దగ్గరికి వెళ్ళాను, రోజూలాగే చెయ్యి పెట్టి "అలవాటు" చేద్దామని. అంతవరకూ గొణుగుతూ ఉన్నవాడు ఒక్కసారిగా ఆగిపోయాడు. ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయి సన్నగా, నిలువుగా అయిపోయాడు. తల పక్కకు వాల్చి, ఒక కన్ను పైకి పెట్టాడు. నన్ను చూసి భయపడ్డాడేమోనని నేను బాదం ముక్క పట్టుకుని చెయ్యి లోపలికి పెట్టబోయాను. అమ్మ పీట మీద నుంచే నా మణికట్టు పట్టుకుంది.

"ఉండు నాయనా. వాడు నిన్ను చూడ్లే. పైన గద్ద తిరగతా ఉంది."

కిటికీలోంచి చూశాను. ఎదురింటి వాటర్ ట్యాంకు పైన నిజంగానే ఒక గద్ద చక్కర్లు కొడుతోంది. మా వెనక వీధిలో మాంసం కొట్లున్నాయి. సాయంత్రమైతే అక్కడ గద్దలు దిగడం, లేవడం మామూలే. ఎనిమిది నెలలుగా నేను కూడా వాటిని చూస్తూనే ఉన్నాను, కానీ కిట్టుకూ వాటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

"మన కోళ్ళు చూళ్ళేదా నువ్వు? గద్ద వచ్చిందంటే ఇట్లే తల వాల్చి ఒంటికంటితో పైకి చూస్తాయి. పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటాయి. వీడికి దాక్కోను చోటేడుంది ఈడ? మూడు పక్కలా కిటికీ."

ఆ మాట నన్ను కుదిపేసింది. చిలుకల గురించి నేను ఎంతో చదివాను, వీడియోలు చూశాను. అమ్మ అమెజాన్ చిలుకను చూడటం అదే మొదటిసారి. కానీ ఆమె పక్షులతో బతికింది. బ్రెజిల్, బొలీవియా, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా అడవుల పక్షి ఇది, చెట్టు తొర్రలో గుడ్లు పెట్టే జాతి. కుక్కలాగా వేల ఏళ్ళు మనిషి గుమ్మంలో పెరిగింది కాదు. పంజరంలో పుట్టినా గద్దను చూస్తే గుండె అదిరే పక్షే. పైనుంచి ప్రాణం తీసేది తిరుగుతుంటే, పారిపోయే దారి లేకుంటే, అదే క్షణంలో ఎదురుగా ఒక పెద్ద చెయ్యి వస్తే కొరక్క ఏం చేస్తుంది?

ఆ రాత్రే పంజరాన్ని హాలు లోపలి మూలకు మార్చాం. రెండు పక్కలా గోడ వచ్చింది. పైన సగం వరకు అమ్మ పాత నేత చీర కప్పింది. కిటికీ వాడికి దూరంగా, ఓరగా కనిపిస్తుంది. కావాలంటే చూస్తాడు, వద్దంటే చీర కిందికి జరుగుతాడు.

తర్వాత పది రోజులకు జరిగింది నేను మర్చిపోలేను. పచ్చి అనపగింజలు చిలుకలకు మంచివి కావని చెప్పాను కాబట్టి, అమ్మ గుప్పెడు గింజలు ఉప్పు లేకుండా బాగా ఉడకబెట్టింది. పంజరం తలుపు తీసి, చేట పక్కనున్న ఇంకో పీట అంచున ఒక గింజ పెట్టి, తన పనిలో తాను పడిపోయింది. కిట్టు ముక్కుతో ఒక కడ్డీ, కాలితో ఒక కడ్డీ పట్టుకుంటూ కిందికి దిగాడు. పీట ఎక్కాడు. ఎడమకాలితో గింజను పట్టుకుని, ముక్కుతో పైతోలు చీల్చి పక్కన పడేసి, లోపలి పప్పు మాత్రం నాలుకతో తిప్పుకుంటూ తిన్నాడు. అమ్మ పితికిపప్పు కోసం నానబెట్టిన గింజలను వేళ్ళతో నొక్కి ఎలా చేస్తుందో అచ్చం అలాగే. "చూడు, వీడూ పితకతా ఉండాడు" అని అమ్మ నవ్వింది, అప్పుడు కూడా చెయ్యి చాపలేదు. సంక్రాంతికి ఆమె ఊరెళ్ళేలోపు కిట్టు చేట అంచు మీద కూర్చునేదాకా వచ్చాడు.

అమ్మ వెళ్ళాక ఆ పీట మీద నేను కూర్చున్నాను. సాయంత్రం నాలుగు నుంచి అయిదు వరకు. కూరగాయలు తరుగుతాను, లేదంటే బట్టలు మడత పెడతాను. వాడి వంక చూడను. మాట్లాడాలనిపిస్తే మామూలుగా మాట్లాడతాను. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు బట్టలు మడత పెడుతుంటే నా మోచేతి మీదికి ఎక్కాడు. వేళ్ళ మీదికి కాదు, మోచేతి మీదికి. ఇప్పటికీ వేలు చాపితే వెనక్కి తగ్గుతాడు, నిండు చెయ్యి అడ్డంగా పెడితే ఎక్కుతాడు. చాలామందికి ఈ సంగతి తెలియదు. ముందు ఎవరో వేలితో పొట్ట మీద పొడిచి "ఎక్కు ఎక్కు" అని నేర్పి ఉంటారని నా గట్టి నమ్మకం. అమ్మేవాళ్ళు "హ్యాండ్ టేమ్" అని చెప్పి రెక్కలు కత్తిరించి ఇస్తారు. ఎగరలేక చేతి మీద నిలబడ్డ పక్షిని మచ్చికైందనుకుంటాం. ఈ పద్ధతి మీద నాకు చాలా కోపం ఉంది.

మీరు అడగకపోయినా ఇంకో రెండు మాటలు చెప్పాలి. అమెజాన్‌కు పది పన్నెండు గంటల నిద్ర కావాలి. మా హాల్లో టీవీ పదకొండింటి దాకా మోగేది. ఇప్పుడు ఏడున్నరకు చీర పూర్తిగా దించేస్తాం, టీవీ బెడ్‌రూమ్‌లోకి వెళ్ళిపోయింది. నిద్ర సరిపోయాక కొరకడం సగం తగ్గింది. రెండోది, ముద్దు చేయాలనిపిస్తే తల, చెంపలు మాత్రమే నిమరండి. వీపు మీద, రెక్కల కింద నిమిరితే అది జతకట్టే పిలుపు అనుకుంటుంది, ఆ కాలంలో మరీ మొండిగా తయారవుతుంది. అట్టపెట్టెలు, సోఫా కింద చీకటి మూలలు గూడులా అనిపించకుండా చూసుకోండి.

తిండి సంగతి కూడా అంతే. మాకు వచ్చినప్పుడు పొద్దుతిరుగుడు గింజలు తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. ఈ జాతి తొందరగా కొవ్వెక్కుతుంది, గింజలతోనే పెంచితే విటమిన్ ఏ లోపం వస్తుంది. క్యారెట్, చిలగడదుంప, మునగాకు నెమ్మదిగా అలవాటు చేశాం. పండుమిర్చి అంటే ప్రాణం. పక్షులకు మిర్చి ఘాటు తెలియదు, గుంటూరు మిర్చి ఇచ్చినా విత్తనాలతో సహా నమిలేస్తాడు. బెంగళూరు జ్యూస్ షాపుల్లో దొరికే బటర్ ఫ్రూట్ (అవకాడో) మాత్రం విషం, ఒక్క ముక్క కూడా వద్దు. నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కితే వచ్చే పొగ చిలుకను నిమిషాల్లో చంపేయగలదు. మేము దోసెలకు మళ్ళీ ఇనుప పెనం తెచ్చుకున్నాం.

ఇక అరుపు. పొద్దు పొడిచేటప్పుడు, పొద్దుగుంకేటప్పుడు అమెజాన్ అరుస్తుంది. అడవిలో గుంపును పిలుచుకునే వేళలవి. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దీని మీద ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో చెప్పలేను. అర్ధరాత్రి దాకా డీజే పెట్టినవాళ్ళే ఉదయం ఆరింటి చిలుక అరుపుకు ఫిర్యాదు చేశారు. నేను గది దాటి వెళ్ళినప్పుడు వాడు పిలిస్తే, ఉన్నచోటి నుంచే ఈల వేసి బదులిస్తాను. నేనెక్కడున్నానో తెలిస్తే ఊరుకుంటాడు. చీరతో మూసి, పంజరం మీద కొట్టి నోరు మూయించబోతే ఇంకా గట్టిగా అరుస్తాడు.

వచ్చిన ప్రతి చుట్టమూ "ఏం మాట్లాడుతుంది? రామా అంటుందా?" అని అడుగుతారు. రామచిలుక అనుకుని అడుగుతారు. మన రామచిలుకలను పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమని చెబితే ఎవరూ నమ్మరు. అమెజాన్ విదేశీ పక్షి కాబట్టి ఆ నిషేధం కిందికి రాదు గానీ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మీరు చేయించకపోతే ముందు ఆ పని చూడండి. యాభై ఏళ్ళు దాటి బతకగల పక్షి ఇది, మీ తర్వాత ఎవరికి అప్పగించాలన్నా కాగితాలు అవసరం.

కిట్టు మాట్లాడతాడు కూడా. కుక్కర్ మూడో కూత, మా డోర్‌బెల్, ఇంకా అమ్మ గొంతుతో "ఉండు నాయనా". నేను గబగబా దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అదే అంటాడు, నేను ఆగుతాను.

మీ పంజరం పక్కన, దాని ఎత్తులో తల పెట్టి, ఒక సాయంత్రం పూర్తిగా కూర్చోండి. అక్కడి నుంచి ఏం కనిపిస్తోందో, ఏం వినిపిస్తోందో కింద రాయండి. గద్దలు, కోతులు, ఎదురింటి పిల్లి, తిరిగే ఫ్యాను, ఏదైనా సరే. కొరికింది ఏ వేళకో కూడా రాయండి, అప్పుడు ఇంకొంచెం చెప్పగలను.