దుకాణాలు అమ్మేస్తే పోటీ మిగులుతుందా?

ప్రశ్న: అమెరికాలో క్రోగర్, ఆల్బర్ట్‌సన్స్ సూపర్ మార్కెట్ల విలీనాన్ని కోర్టు ఆపేసింది కదా. 579 దుకాణాలు వేరే కంపెనీకి అమ్మేస్తామన్నారు. అది చాలదా?

జవాబు: చాలదనే నేనూ అంటాను. 2015లో జరిగింది చూడండి. ఆల్బర్ట్‌సన్స్ అప్పుడు సేఫ్‌వే అనే మరో సూపర్ మార్కెట్ సంస్థను కొంది. పోటీ తగ్గకూడదని, విలీనాలను పరిశీలించే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొన్ని దుకాణాలు అమ్మించింది. వాటిలో 146 హాగెన్ అనే చిన్న సంస్థ చేతికొచ్చాయి. అప్పటిదాకా దానికున్నవి 18 దుకాణాలే! అంత భారం మోయలేక అదే ఏడాది సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసింది. ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. ఆ దుకాణాల్లో కొన్నిటిని తిరిగి కొన్నదెవరో తెలుసా? ఆల్బర్ట్‌సన్సే.

ఈసారి ఆ 579 దుకాణాలు కొంటానన్న సీ అండ్ ఎస్ ప్రధానంగా హోల్‌సేల్ కంపెనీ. దుకాణాలకు సరుకు పంపడం వేరు, రోజూ ధరలు సరిచూసుకుంటూ వందల దుకాణాలు నడపడం వేరు. అందుకే 24.6 బిలియన్ డాలర్ల ఆ విలీన ఒప్పందాన్ని 2024 డిసెంబరు 10న ఒరెగాన్‌లో ఫెడరల్ జడ్జి ఏడ్రియన్ నెల్సన్ ఆపినప్పుడు నాకు సంతోషం వేసింది. మర్నాడే ఆల్బర్ట్‌సన్స్ తప్పుకుంది.

వాల్‌మార్ట్‌ను తట్టుకోవాలంటే కలవక తప్పదని కంపెనీలు వాదించాయి. కొట్టిపారేసే మాట కాదు. కానీ ఎదురెదురుగా ఉన్న రెండు దుకాణాలు ఒకదాన్ని చూసి ఒకటి ధర తగ్గించడం ఆగిపోతే నష్టం కొనేవాళ్లకే.

దుకాణాల్లో పనిచేసే ఉద్యోగుల గురించి కూడా కమిషన్ మాట్లాడింది. ఒక కంపెనీ ఇచ్చే జీతాలు చూపించి యూనియన్లు రెండో కంపెనీని అడుగుతాయి. రెండూ ఒకటైతే ఎవరిని చూపించి అడగాలి? నన్ను బాగా కదిలించిన వాదన ఇదే.